సీలక్క చెయ్యని సంతకం

ఓడరేవులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. కంటైనర్ల తలుపులకున్న సీలు తెంచడం, లోపలి సరుకు పరీక్షించడం, మళ్లీ కొత్త సీలు వేయడం ఆమె పని. అందుకే హమాలీల నుంచి క్రేను డ్రైవర్ల దాకా అందరికీ ఆమె సీలక్క. కస్టమ్స్‌లో చేరిన కొత్తలో ఆ పిలుపు వింటే మొహం ముడుచుకునేది. పోనుపోను తనే ఫోనెత్తి, “ఆఁ, సీలక్కనే” అనడం మొదలుపెట్టింది.

ఆమెకు మాటలో కచ్చితం ఎక్కువ. రిపోర్టులో ‘సంచులు తడిశాయి’ అని రాయాలంటే చెయ్యి పెట్టి చూడాల్సిందే. ఇంట్లోనూ అంతే. కూర ఎలా ఉందని అడిగితే ఇంకో ముద్ద తిన్నాకే జవాబు చెప్పేది. “మా వదిన కూరకి కూడా పంచనామా చేస్తుంది” అని తమ్ముడి భార్య నవ్వేది.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెళ్లయినా వాడు వేరు కాపురం పెట్టలేదు. బూట్ల ఫ్యాక్టరీలో అడుగు భాగాలు అతికించే మెషిను మీద పని వాడిది. అక్కడ తయారయ్యే బూట్లన్నీ ఒకే ఒక్క పెద్ద దేశానికి పోతాయి. “వాళ్ల కాళ్లు బాగుంటేనే మన పొయ్యి వెలుగుతుంది” అనేవాడు.

ఆ ఏడాది ఆ పెద్ద దేశానికి కోపమొచ్చింది. తమ కంపెనీల పేటెంట్లను ఇక్కడి చట్టాలు సరిగ్గా కాపాడడం లేదని, ముఖ్యంగా మందుల విషయంలో చూసీ చూడనట్టు పోతున్నారని దాని ఫిర్యాదు. దారికి రాకపోతే బూట్ల మీద భారీ పన్ను వేస్తామని బెదిరించింది. రాజధానిలో చర్చలు నడుస్తున్నాయి. టీవీ పెడితే అదే గోల.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పెద్దసారు సీలక్కను తన గదికి పిలిపించాడు. రేవులోని కస్టమ్స్ అంతటికీ అధికారి ఆయన. ఎదురుగా బూడిదరంగు సూటులో ఒక లాయరు కూర్చుని ఉన్నాడు. పెద్ద దేశపు మందుల కంపెనీ తరఫున వచ్చాడు.

సంగతి ఇదీ. రక్తం గడ్డకట్టని జబ్బున్న పిల్లలకిచ్చే ఇంజెక్షన్లు ఒక చల్లటి కంటైనరులో రేవుకు వచ్చాయి. ఇక్కడ ఓడ మారి, వేరే దేశానికి వెళ్లాలి. తయారైన చోటా, చేరే చోటా ఆ మందుకు పేటెంటు లేదు. మధ్యలో ఆగిన ఈ దేశంలో మాత్రం ఉంది.

“మా అనుమతి లేకుండా చేసిన మందు మీ నేల మీద ఉంది. ఆపెయ్యండి” అన్నాడు లాయరు.

“అది మన బజారుకి రావట్లేదు కదా సార్” అంది సీలక్క, పెద్దసారు వైపు తిరిగి.

చట్టం ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. దాటిపోయే సరుకును ఆపాలంటే, అది దారి మళ్లి ఇక్కడే అమ్ముడుపోతుందని నమ్మడానికి కారణం ఉండాలి. ఆ కారణాన్ని సరుకు పరీక్షించిన అధికారో, పైఅధికారో సొంత సంతకంతో రాయాలి.

“చూసిరా. చూసి, కారణం ఉందని రాయి” అన్నాడు పెద్దసారు. “సాయంత్రం ఓడ కదిలేలోపు కాగితం నా బల్ల మీదుండాలి. రాజధాని నుంచి ఫోన్ల మీద ఫోన్లు.”

కంటైనరు దగ్గర షిప్పింగు ఏజెంటు చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఓడ మార్పించే బాధ్యత అతనిది.

“అమ్మా, ఆపిన సరుకు పెట్టే యార్డులో కరెంటు ప్లగ్గులు లేవు. ఈ ఎండకి తెల్లారేసరికి అది మందు కాదు, ఉత్త నీళ్లు. ఆపడమంటే పారబొయ్యడమే” అన్నాడు.

ఆమె సీలు తెంచబోతుంటే తమ్ముడి ఫోను వచ్చింది.

“అక్కా, మేనేజరు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ వెయ్యలేదు. రేవులో ఏదో మందుల కంటైనరు ఆపితే చర్చలు గట్టెక్కుతాయంట. నీ దగ్గరికే వచ్చిందా?”

ఆమె సీలు తెంచే కట్టరు పక్కన పెట్టింది.

“ఒక్క సంతకమే కదక్కా. ఇక్కడ ఇంతమందిమి నీ చేతిలో ఉన్నాం.”

“పనిలో ఉన్నాన్రా, పెట్టెయ్” అంది.

తలుపు తెరవగానే చలి మొహాన కొట్టింది. లోపలికెళ్లి ఒక్కో అట్టపెట్టె విప్పసాగింది. అన్నేళ్ల ఉద్యోగంలో సరుకులో తప్పు దొరకాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు. ఆ రోజు కోరుకుంది. మన భాషలో ఒక్క లేబులు, మన ఊళ్లో దుకాణం పేరున్న ఒక్క బిల్లు, ఇక్కడి ధర అచ్చేసిన ఒక్క సీసా దొరికితే చాలు. సంతకం చేసేసి ఇంటికి పోయి తమ్ముడి పక్కన కూర్చుని అన్నం తినొచ్చు. వేళ్లు కొంకర్లు పోయేదాకా వెతికింది. ప్రతి పెట్టె మీదా తనకు చదవరాని లిపే. చేరాల్సిన దేశం లిపి.

బయటికొచ్చేసరికి లాయరు కాగితాలు పట్టుకుని ఉన్నాడు.

“ఇదిగోండి, ఇక్కడి చిరునామా. సరుకు పత్రంలోనే ఉంది.”

“అది ఓడ మార్పించే ఏజెంటుది. దాటిపోయే ప్రతి సరుకు మీదా ఎవరో ఒక ఏజెంటు చిరునామా ఉంటుంది.”

“మిమ్మల్ని అబద్ధం రాయమనట్లేదు మేడమ్. ఇక్కడి చిరునామా ఉందని రాయండి. అది నిజమే కదా?”

ఆ మాట ఆమెను పట్టి కుదిపేసింది. నిజమే మరి. పరీక్ష షెడ్డులో బల్ల ముందు కూర్చుని ఆ వాక్యమే రాసింది. చదువుకుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కానీ చదివినవాడు నమ్మేది మాత్రం అబద్ధమే. పెన్ను పట్టుకుని ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. చివరికి ఆ కాగితం చింపేసి, ఇంకోటి తీసుకుని రాసింది: ‘పెట్టెలన్నీ చూశాను. దారి మళ్లుతుందని నమ్మడానికి కారణం కనబడలేదు.’

పెద్దసారు చదివి, తలెత్తకుండానే అడిగాడు.

“నీ తమ్ముడు బూట్ల ఫ్యాక్టరీలోనేగా?”

“అవును సార్.”

“అయినా ఇదే రాశావా?”

“నాకు కనబడింది రాశాను. మీకు కారణం కనబడితే మీరు రాయండి సార్. ఆ అధికారం మీకుంది.”

లాయరు కుర్చీలో ముందుకు జరిగాడు. పెద్దసారు పెన్ను తీశాడు. టెలిఫోను మోగుతోంది, ఆయన ఎత్తలేదు. కాగితం మీద పెన్ను ఆనించి, అలాగే ఉండిపోయాడు. రేపు కోర్టు పిలిస్తే బోనులో నిలబడాల్సింది తనే. కిందివాళ్ల రాత మీద సంతకం పెట్టడం వేరు, తనే రాయడం వేరు. మోగి మోగి టెలిఫోను ఆగింది. ఆయన పెన్నుకు మూత పెట్టి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు.

“వెళ్లు” అన్నాడు.

సీలక్క కొత్త సీలు వేసింది. చీకటి పడకముందే కంటైనరు ఓడెక్కింది.

వారం తిరక్కుండా ఆమెను రేవు నుంచి పార్సిళ్ల ఆఫీసుకు మార్చారు. నెలాఖరుకు పెద్ద దేశం అన్నంత పనీ చేసింది. పన్ను పడింది, ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు మూతపడింది, ఆ షిఫ్టులో తమ్ముడున్నాడు. వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. అదే ఇంట్లో ఉంటూ, అక్క ఎదురైతే తల తిప్పుకునేవాడు. మరదలు ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఒకసారి మాత్రం వాడు, “నీ వల్లే పన్ను పడిందని నేననను. కానీ నువ్వు ఆపి ఉంటే ఏమయ్యేదో నీకూ తెలీదు” అన్నాడు.

మరుసటేడు ఒప్పందం కుదిరింది. చట్టం మారింది. ఇక దాటిపోయే సరుకైనా సరే, కంపెనీ అనుమానం చాలు, ఆపెయ్యొచ్చు. అధికారి కారణం రాయాలన్న వాక్యం ఎత్తేశారు. పన్ను కూడా ఎత్తేశారు. ఫ్యాక్టరీ పాతవాళ్లను పిలిచింది.

ఆ కబురు చెప్పడానికి తమ్ముడు వంటగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అక్కా, పిలిచారు. సోమవారం నుంచి.”

“మంచిదిరా.” నిజంగానే సంతోషించింది. ఆ సంతోషం ఏ చట్టం పుణ్యమో ఇద్దరికీ తెలుసు.

వాడు కదల్లేదు. గుమ్మం పట్టుకుని అడిగాడు.

“ఆ మందు... పిల్లలకి చేరిందా?”

“ఏమోరా. ఓడెక్కడం చూశాను. అంతవరకే.”

“కనుక్కోలేదా?”

“ఎవర్నడగను?”

తమ్ముడు పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె వాడికి కంచం పెట్టింది.