చింతపండు కుప్ప అయ్యేదాకా

పోయిన మంగళవారం క్లాసుకు వెళ్లబోతుంటే భద్రాచలం నుంచి ఫోన్ వచ్చింది. మా పాత ఆఫీసులో ఇప్పటికీ పనిచేస్తున్న అమ్మాయి. "అక్కా, పెద్దమేడం పోయింది. చాయ్ తాగి కుర్చీల కూసున్నది, గట్లనే పోయింది." నేనిప్పుడు ఖమ్మంలో సోషల్ వర్క్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ రోజు చెప్పలేకపోయాను.

ముప్పై అయిదు దాటాక, డిగ్రీ ఉందన్న ధైర్యంతోనూ పని తెలియని బెరుకుతోనూ ఆమె దగ్గర చేరాను. చర్ల వైపు అడవి ఊళ్లలో తిరిగే చిన్న సంస్థ మాది. అందరికీ పైన ఆమె. మధిర వైపు మనిషి కాబట్టి మాటలో ఆ మెత్తదనం ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. ఆ ఇంట్లో ఏ పని నడుస్తుంటే దాని ముందు చతికిలబడేవారు. ఇప్పపువ్వు ఏరడమో, తునికాకు కట్టలు కట్టడమో. ఏదీ సరిగ్గా వచ్చేది కాదు. ఆమె కట్టిన కట్టల్ని విప్పి మళ్లీ కట్టుకుంటూ, "మేడమూ, నువ్ సాయం జేస్తె మాకు రెండింతల పనాయె" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "ఖాళీ చేతుల్తో ఎదురుగా కూర్చుంటే పోలీసుల్లా ఉంటామమ్మాయ్" అనేవారు మేడం నాతో.

నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలి. ఆ ఊరి పేరు రాయను. మిగతాది రాయమని ఆ ఇంటి కోడలే అంది.

ఒక ఎండాకాలం ఆ కోడలు నన్ను పక్కకు పిలిచింది. "అక్కా, ఒక మాట చెప్త. ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్." నన్ను నమ్మి నోరు విప్పిన మొదటి మనిషి. మురిసిపోయి చేతిలో చెయ్యేశాను. అప్పుడు చెప్పింది, తనకు టీబీ అని. దవాఖానాలో గోలీలు ఇచ్చారట. ఎవరన్నా చూస్తారని వారం నుంచి మింగడం మానేసిందట. తెలిస్తే పుట్టింటికి తోలేస్తారని భయం. ఇదంతా చెబుతున్నంతసేపూ తోడికోడలి ఆరు నెలల పాప ఆమె ఒళ్లోనే ఉంది. రోజంతా ఉండేది అక్కడే.

రెండు రోజులు నోరు మూసుకుని తిరిగాను. చెబితే ఈమెకు ద్రోహం, చెప్పకపోతే ఆ పాపకు. మూడో రోజు ఉండబట్టలేక, పేరు చెప్పకుండా పెద్దమేడానికి చెప్పాను. తిట్టలేదు. "విన్నాక ఇవ్వాల్సిన మాట వినకముందే ఇచ్చావా?" అన్నారు. మళ్లీ, "చెప్పాలా వద్దా అని నన్ను అడుగుతున్నావు. ఆమెను అడిగావా?"

అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. పెద్దమేడం ఊరి చివర చేతిపంపు దగ్గరే ఆగారు. "నేను రావచ్చో లేదో కనుక్కో, పో." కోడలు నన్ను చూసి భగ్గుమంది. "ఒట్టేసినవ్ గదక్కా!" మేడం పంపు దగ్గర ఉన్నారు, రావచ్చా అని అడిగాను. చివరికి, "రానీ. ఎట్లన్న తెలిసె గద" అంది.

వాకిట్లో గింజ తీయాల్సిన చింతపండు కుప్పగా పోసి ఉంది. అత్త సంతకు పోయింది, మిగతావాళ్లు చేలో ఉన్నారు. పెద్దమేడం కూర్చుని, రాయి తీసుకుని, గింజ మీద కాకుండా వేలి మీద కొట్టుకున్నారు.

"మా అమ్మాయి తాను ఇవ్వకూడని మాట ఇచ్చింది. నేర్పకపోవడం నా తప్పు. పాపకు పరీక్ష చేయించాలమ్మా, అది దాచలేం. ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది నీ ఇష్టం. ఈ కుప్ప అయ్యేదాకా ఆలోచించుకో."

"నేను చెప్పకుంటె?"

"నేను చెప్తా. నీ ముందరే చెప్తా, వెనక చెప్పను."

కోడలు ఏడుస్తూనే ఆమె చేతుల వైపు చూసింది. "నువ్ కొట్టే తీరుకు ఈ కుప్ప వానలు పడ్డా అయ్యేటట్టు లేదు."

నిజంగా అంత నిదానమా, కావాలనే అలా కొట్టారా? ఎప్పుడూ అడగలేదు.

"ఈ ఇంట్లో ఎవరంటే నీకు భయం తక్కువ?" అన్నారు కొంతసేపటికి. భర్త అంటుందనుకున్నాను.

"అత్త."

సంత నుంచి వచ్చి అత్త గంప దించింది. కోడలే చెప్పింది, వాళ్ల కోయ మాటల్లో. పెద్దమేడం చేతిలో రాయి ఆగిపోయింది. అత్త ముందు కోడలి ఒళ్లోంచి పాపను అందుకుంది. ఇక పుట్టింటికే అనుకున్నాను. తర్వాత మాకూ అర్థం కావాలనేమో తెలుగులో అంది. "ఆ బియ్యం కుండల గోలీలేనా? ఎన్నడో సూసిన. పిల్లలు గావొద్దని మింగుతున్నవనుకున్న. అడిగితె బాధపడ్తవని ఊకున్న, పిచ్చిదాన."

ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ అత్తే చెప్పింది. తెల్లారి తోడికోడలు పాపను ఎత్తుకుని మాతో దవాఖానాకు వచ్చింది. పాపకేమీ కాలేదు. కోడలు గోలీలు మళ్లీ మొదలుపెట్టింది, రోజూ అత్త ముందరే. ఎవరూ ఎవర్నీ ఎక్కడికీ తోలేయలేదు. ఊరికి తెలియలేదు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను. "ఆ అత్త వేరే రకం మనిషైతే ఏం చేసేవాళ్లం మేడం?"

"తెలియదమ్మాయ్. పుట్టింటి దాకా ఆమెతో నడిచేవాళ్లమేమో. అంతా మంచిగా అయింది కదా అని మనం చేసింది మంచిదని కాదు."

నేను మౌనంగా ఉన్న ఆ రెండు రోజులు ఇప్పటికీ నాకు లెక్క తేలవు. తేలనివ్వని మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం. మాట ఇచ్చే ముందు ఆగడం, తప్పు చేస్తే వెళ్లి ఎదురుగా ఒప్పుకోవడం, రెండూ ఆమె చేతుల్ని చూసే నేర్చుకున్నాను.

పెద్దమేడాన్ని మట్టి చేసిన రోజు సమాధుల దగ్గర చర్చి వాళ్లు, ఆఫీసు వాళ్లు, అడవి ఊళ్ల వాళ్లు అందరూ ఉన్నారు. ఆ కోడలూ వచ్చింది. పెద్దమేడం అక్కగారు ఆమెను పలకరించారు. "మా చెల్లి నీకెట్లా తెలుసమ్మా?" ఆమె బదులు నేను ఏదో చెప్పబోయి ఆగాను.

"మా ఇంటికి చింతపండు కొట్టనీకి వచ్చేది." మళ్లీ తనే, "ఒక్కటి సక్కగ కొట్టరాకపోయేది" అంది.

"దానికి ఇంటిపని ఏది వచ్చింది గనక!" అని అక్కగారు కన్నీళ్లలోనే నవ్వారు.

కోడలు వంగి పిడికెడు మట్టి వేసింది. ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుని, పక్కన నిలబడ్డ బడి పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆనాటి పాపే. ఇద్దరూ బస్సు దొరకాలని గబగబా గేటు వైపు నడిచారు.