మూడు రకాలుగా పోయిన తాతయ్య

ఆ రోజుల్లో మగవాడి జుట్టు సొంత వ్యవహారం కాదు, వంశం వ్యవహారం. నాకు ఇరవయ్యేడేళ్లకే నడినెత్తిన అరచేతంత మేర ఖాళీ అయింది. నాగాయలంకలో రొయ్యల మేత అమ్ముకునే నేను పక్క జుట్టును మీదికి దువ్వి, కొబ్బరినూనెతో అతికించి, బస్సులో కిటికీ పక్కన మాత్రం కూర్చోకుండా (సముద్రపు గాలికి దయాదాక్షిణ్యాలు లేవు) పెళ్లిచూపులకు తిరిగేవాణ్ణి. నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. ఐదోది గుడివాడ అమ్మాయి. కాఫీ ఇస్తూ ఆమె నవ్విన నవ్వుకు, ఇదీ తప్పితే ఇక పెళ్లే వద్దనుకున్నాను.

వాళ్ల నాన్నగారు రిటైరైన సైన్సు మాస్టారు. నమస్కారానికి వంగిన నా తలను తీరుబడిగా పరిశీలించి, మా నాన్నతో, "ఏమీ అనుకోకండి. చిన్నవయసులో నడినెత్తిన బట్టతల వస్తే గుండెజబ్బు భయం కాస్త ఎక్కువని పేపర్లో చదివానండి. రెండూ వంశాన్ని బట్టి వస్తాయట. అబ్బాయి తాతగారికీ ఇంతేనా? ఆయన ఎలా పోయారండీ?" అన్నారు.

నిజానికి నున్నటి తలతో తిరిగిన మా తాతయ్య పొలం గట్టు మీద గుండెపోటుతోనే పోయాడు. ఆ సంగతి దాచాలని మావాళ్లంతా ఒకేసారి అనుకున్నారు కానీ, ఏం చెప్పాలో అనుకోలేదు. "పెద్దతనమండీ" అన్నారు నాన్న. "విషజ్వరమండీ" అంది అమ్మ. "పాము కరిచిందండీ" అన్నాడు బాబాయ్. లోపలి గదిలో అమ్మాయి కిసుక్కుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు.

నాకిక అబద్ధమాడబుద్ధి కాలేదు. "గుండెపోటేనండి. నాదీ బట్టతలేనండి" అని, ఆ నాలుగు వెంట్రుకలూ పక్కకు తోసి చూపించాను. (బస్సెక్కేదాకా అమ్మ నన్ను తిడుతూనే ఉంది.)

మర్నాడు మాస్టారు నన్ను బందరు పిలిపించి డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టారు. చొక్కా విప్పి ఈసీజీ వైర్లు తగిలిస్తుంటే పెళ్లిచూపుల్లో కన్నా ఎక్కువ సిగ్గేసింది. "గుండె బాగుందయ్యా. జుట్టు సంగతి నేనేం చెయ్యలేను. తాతగారికి గుండెపోటు వచ్చింది కాబట్టి నువ్వు రోజూ నడువు, బీపీ చూపించుకో. సిగరెట్లు ఎన్ని కాలుస్తావ్?" అన్నారు డాక్టరుగారు. "నాలుగండి" అన్నాను. మాస్టారు తలతిప్పి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

సంబంధం పోయిందనే అనుకున్నాను. బస్టాండులో గుడివాడ బస్సు ఎక్కబోతూ ఆయన ఆగి, "'వాళ్లింట్లో నిజం చెప్పింది ఆయనొక్కడే నాన్నా' అంటోంది మా అమ్మాయి. సిగరెట్లు మానెయ్ బాబూ, ముహూర్తం పెట్టిస్తాను" అన్నారు.

మానేశాను. పెళ్లినాడు మాత్రం జుట్టు మళ్లీ అతికించుకున్నాను లెండి. ఆ ఫోటోలో మెడ తిప్పకుండా బిగుసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూస్తే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. ఉన్న నాలుగు వెంట్రుకల కోసం అంత భయపడ్డాడు పాపం. తన ప్రాణం కోసం జీవితాంతం బెంగపెట్టుకునే మనిషి పక్కనే నిలబడి ఉందని వాడికి అప్పటికింకా తెలీదు.