బస్సు డ్యూటీ ఎండ

బడికి బయలుదేరే ముందు మెడకు పూసుకునే సన్‌స్క్రీన్ వాసన నాకు చచ్చినా పడదు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో, ఆటస్థలంలో డ్యూటీ చేసే మాలాంటి టీచర్లు ఆ ట్యూబునూ టోపీనీ కూడా ఉద్యోగ ఖర్చుగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చు. మొన్న మా టాక్సు లెక్కలు చూసే అతను ఆ మాట చెప్పగానే నాకు సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది.

నా చిన్నతనమంతా దోహాలో గడిచింది. ఆయిల్ డబ్బు పొంగి, ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న రోజులు. ఉమ్ ఘువైలినా అనే పేటలో మా ఇరుకు ఫ్లాటు, కిటికీ సందుల్లోంచి దూరి చారుగిన్నె మూత మీద కూడా పేరుకునే ఇసుక, ఏసీ రొదలో తమ్ముడూ నేనూ గచ్చు మీద సుద్దతో గీసుకుని ఆడిన అష్టాచెమ్మా, శుక్రవారం పొద్దున్నే కింది రొట్టెల కొట్టు నుంచి మెట్లెక్కి వచ్చే వాసన, బియ్యపు రవ్వ దొరక్క అమ్మ గోధుమరవ్వతో చేసిన వినాయకచవితి కుడుములు, అన్నీ గుర్తే. పన్ను లేని దేశమని నాన్న ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

అమ్మ మా స్కూల్లోనే సైన్సు టీచరు. కాకినాడ మనిషి, నోరు పెద్దది. ఛార్టులు, రంగులు, ప్రయోగాలకు నిమ్మకాయలు, అన్నీ సొంత డబ్బుతోనే కొనేది. వాటికి ఆమె ఏనాడూ బాధపడలేదు. ఆమెను పీల్చి పిప్పి చేసింది బస్సు డ్యూటీ. మే నెల మిట్టమధ్యాహ్నం, చెప్పుల కింద తారు మెత్తబడే ఎండలో, పిల్లల్ని ఎక్కించి ఆఖరి బస్సు కదిలేదాకా నిలబడాలి. తనకని కొనుక్కున్న గొడుగు చిన్నపిల్లల వరుస మీదే పట్టేది. ఇలా కాదని, రేకుల షెడ్డు వేయించమని ప్రిన్సిపాల్‌ని అడిగి తీరతానని ఒకరోజు వెళ్ళింది. సాయంత్రం ముఖం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమన్నాడు?" అన్నాడు నాన్న.

"టాక్సు లేని జీతం తింటున్నారు, ఇంకా షెడ్డు కూడానా అన్నాడు."

నాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వును నేనింకా క్షమించలేదు.

తర్వాత కొన్నాళ్ళకే అమ్మ బస్సు పక్కన కుప్పకూలింది. పఠాన్ డ్రైవరు నీళ్ళు చల్లి లేపి, ఇంటికి దింపాడు. వారం రోజులు మంచం దిగలేదు. వారం జీతం కోసేశారు. లేచిన మర్నాడే వెళ్ళి మళ్ళీ అదే ఎండలో నిలబడింది. షెడ్డు మాట మాత్రం ఎత్తలేదు. అప్పుడు పట్టుకున్న తలనొప్పి ఈనాటికీ ఆమెను వదల్లేదు.

ఇప్పుడు ఆ స్కూలు లేదు, ఆ చోట అద్దాల మేడ లేచింది. రొట్టెల కొట్టు లేదు. నాన్నా లేడు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. మొన్న వంటింట్లో తను గోంగూర ఒలుస్తుంటే టాక్సు సంగతి చెప్పి, ఉక్రోషం పట్టలేక అడిగేశాను.

"అంత నోరున్నదానివి, మళ్ళీ ఎందుకడగలేదమ్మా?"

అమ్మ తలెత్తలేదు.

"టీచర్ల పిల్లలకి సగం ఫీజే కదా. ఇంకోసారి షెడ్డంటే, ఆ ప్రిన్సిపాల్ మీ ఇద్దరికీ పూర్తి ఫీజు కట్టమంటానన్నాడే. నోరు మూసుకున్నాను. నువ్వు టీచరువి ఊరికే అయ్యావనుకున్నావా?"