ఇరవై ఏడో చుట్టు

మోటార్ల వైండింగ్ షాపులో పనిచేసే ఆవిడను ఆ వీధంతా అంకెలమ్మ అంటుంది. రాగితీగ చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా ఆవిడ నోట్లోంచి అంకె తప్ప మరోమాట రాదు. పోస్టుమాన్ సంతకం కావాలంటే "పద్దెనిమిది" అంటుంది. మొగుడు ఫోన్ చేసి కూరలేం తేవాలని అడిగితే "ముప్ఫై ఒకటి" అంటుంది. పాపం ఆ మొగుడికి ఇప్పటికి అలవాటైపోయి, తోచిన కూరేదో తెచ్చి పడేస్తాడు. కొత్తవాళ్ళు మాత్రం కంగుతిని, కాసేపటికి తేరుకుని, స్టూలు లాక్కుని చుట్టడం అయ్యేదాకా కూర్చుంటారు.

షాపు మామగారిది. ఆయన పోయి ఆరేళ్ళయింది. కోడలు కాపురానికొచ్చిన రెండో ఏడు చుట్టే యంత్రం పిడి ఆమె చేతికిచ్చి, ఆయన ఒకే ఒక్క నియమం చెప్పాడు. లెక్క మీద రవ్వంత అనుమానం వచ్చినా చుట్టిందంతా విప్పేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఇన్నేళ్ళలో ఆమె ఆ నియమం తప్పింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ కాలిలో ముల్లులా పదకొండేళ్ళుగా కలుక్కుమంటూనే ఉంది.

దానికి కారణం అత్తగారు. గుమ్మం పక్క కుర్చీలో పొద్దస్తమానం కూర్చుని, వీధిలో పోయే ప్రతి మనిషి గురించీ ఏదో ఒకటి చెబుతుంటుందావిడ. నోరు క్షణం ఊరుకోదు గానీ, ఒకరిని మెచ్చుకోవడమంటే మాత్రం ఆవిడ ఒంటికి పడదు. అలాంటి మనిషి ఒకరోజు ఉన్నట్టుండి, "మీ మామయ్య చేతికన్నా నీ చెయ్యే నీటుగా ఉందే" అంది. కోడలి చేతిలో పిడి సగంలో ఆగిపోయింది. తాను చివర అన్న అంకె ఇరవై ఆరా, ఇరవై ఏడా? ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. విప్పేస్తే, మెచ్చుకున్న నోటితోనే ఆవిడ చీవాట్లు పెడుతుందేమోనని భయపడింది. ఇరవై ఎనిమిది అనుకుని ముందుకుపోయింది.

అది ఒక జనరేటర్ కోసం చుట్టిన తీగచుట్ట. మామగారు అన్నీ బిగించి మూడు వరసలకూ, అంటే మూడు ఫేజులకూ, మూడు బల్బులు పెట్టి చూశాడు. మూడూ వెలిగాయి. కానీ ఒక్క చుట్టు తక్కువైన సంగతి బల్బు ఎక్కడ చెబుతుంది? తేడా ఉన్న వరస నెమ్మదిగా వేడెక్కి ఎప్పుడో ఒకప్పుడు కాలిపోతుందని ఆమె బెంగ. ఆ జనరేటర్ కొన్నాయన వీధిలో కనిపిస్తే పలకరించేది గానీ, మిషన్ ఎలా ఉందని ఒక్కనాడూ అడగలేదు.

ఆయన్ని అందరూ గుడ్లాయన అంటారు. పెట్టెల్లో గుడ్లు వేడిగా ఉంచి కోడిపిల్లలను తీయడం ఆయన పని. ఒకనాడు పొద్దున్న పదిగంటలకు ఆయనే పరుగున షాపుకొచ్చాడు. కరెంటు స్తంభాలు మారుస్తున్నారట, సాయంత్రం దాకా కరెంటు లేదట. జనరేటర్ ఇంజిను ఝామ్మని తిరుగుతోంది గానీ బల్బు మిణుక్కుమనడం కూడా లేదట. ఇద్దరు మెకానిక్కులు చూసి తీగచుట్ట కాలిపోయిందన్నారట. ఎల్లుండి పిల్లలు కావలసిన గుడ్లు పెట్టెల్లో ఉన్నాయి. "అది నువ్వు చుట్టిందే కదమ్మా" అన్నాడు. ఆమె మీటరు అందుకుని ఆయన వెంట నడిచింది.

పొదిగే గదిలో పెట్టెల మీద ఇంట్లో దుప్పట్లన్నీ కప్పి ఉన్నాయి. ఆమె అటు చూడకుండా వెనక షెడ్డులోకి వెళ్ళి, జనరేటర్ మూత తీసి లోపలికి ముక్కు పెట్టి వాసన చూసింది. తీగకు పూసిన వార్నిష్ కాలిన కంపు లేదు. మీటరు పెట్టి తీగలు చూసింది. ఎక్కడా తెగలేదు, ఇనుముకు అంటుకోలేదు. అప్పుడు ఇంజిను వేయించి మళ్ళీ మీటరు చూసింది. సున్నా. అయిదు వోల్టులు కూడా కాదు, నిక్కచ్చిగా సున్నా. ఒక చుట్ట కాలి ఉంటే మిగతా వరసల్లోనైనా కాస్త కనిపించాలి, కాబట్టి తప్పు చుట్టది కాదని ఆమెకు తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళయింది దీన్ని తిప్పి?" అని అడిగింది. కరెంటు బాగానే ఉంటోంది కాబట్టి ఏడాది పైనే అయిందని గుడ్లాయన నసిగాడు.

ఆమె ఆయనకు ఓపిగ్గా చెప్పింది. ఇంజిను చేసేది తిప్పడమే, కరెంటు పుట్టించేది అది కాదు. లోపల తిరిగే భాగం ఒక అయస్కాంతం. అది తిరుగుతూ చుట్టూ ఉన్న రాగిచుట్టల పక్కనుంచి పోతుంటే వాటిలో కరెంటు పుడుతుంది. అయితే ఆ అయస్కాంతానికి బలం ఇవ్వాల్సిందీ ఆ కరెంటే. పుట్టినదాంట్లో కాస్త, తిరిగే భాగానికి ఒరుసుకునే బొగ్గుముక్కల మీదుగా లోపలి తీగకు వెళ్ళి అయస్కాంతానికి బలమిస్తుంది. బలం పెరిగితే కరెంటు పెరుగుతుంది. మరి మొట్టమొదటి కాస్త ఎక్కడిది అంటే, కిందటిసారి తిరిగినప్పుడు ఇనుములో మిగిలిన రవ్వంత అయస్కాంతం. పాలు తోడెయ్యడానికి నిన్నటి పెరుగు చుక్క ఉండాలి కదా, అలాగ. ఏడాది మూల పడేస్తే ఆ చుక్క కూడా పోయింది.

ఇంజిను ఆపించి, బొగ్గుముక్కలకు వచ్చే రెండు తీగలు విప్పింది. ఆ చుక్క మళ్ళీ వెయ్యడానికి గుడ్లాయన వ్యాను బ్యాటరీ తెప్పించి, ప్లస్సూ మైనస్సూ చూసుకుని, ఆ తీగల చివర్లు అయిదారు సెకన్లు తాకించి తీసేసింది. తీగలు ఎప్పట్లా బిగించింది. ఇంజిను మళ్ళీ అందుకుంది. షెడ్డులో బల్బు ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా, తర్వాత తెల్లగా వెలిగింది. గుడ్లాయన దుప్పట్లు లాగెయ్యడానికి లోపలికి పరిగెత్తాడు.

ఆమె మాత్రం కదల్లేదు. మీటరు తీసుకుని మొదటి వరస చూసింది, రెండు వందల ముప్ఫై ఒకటి. రెండోది, అంతే. మూడోది తన అనుమానపు వరస. చూడకుండా వెళ్ళిపోదామా అనిపించింది. పెట్టి చూసింది. రెండు వందల ముప్ఫై ఒకటి.

షాపుకు తిరిగొచ్చేసరికి అత్తగారు కుర్చీలోనే ఉంది. కోడలు నేల మీద చతికిలబడి, పదకొండేళ్ళ నాటి సంగతి మొత్తం ఆవిడ ముందు పెట్టేసింది. ఆవిడ మధ్యలో ఒక్కమాటయినా అనకుండా వినడం అదే మొదలు.

"ఇరవై ఏడే" అంది అత్తగారు చివరికి. "మీ మామయ్య పక్కన నలభై ఏళ్ళు కూర్చున్నాను. నోరు దాని పని అది చేస్తుంటుంది, నేను లోపల లెక్కపెడుతూనే ఉంటాను. లెక్క తప్పితే ఊరుకుంటానా?"

"మరి అప్పుడే చెప్పొచ్చుగా అత్తయ్యా."

"నువ్వు అడిగితేగా. మెచ్చుకోగానే నీ చెయ్యి ఆగిపోయింది. పని చెడుతుందని, ఇంక ఎప్పుడూ మెచ్చుకోలేదు."

కోడలు రెండు అరచేతులూ ఆవిడ ముందు చాపి చూపించింది.

"ఇప్పుడు చేతిలో పనేం లేదత్తయ్యా."

అత్తగారు వీధి అటు చివరా ఇటు చివరా చూసింది. ఎవరూ లేరు. "బాగా చేశావు" అంది.