సెంట్ల కోసం నలభై సిఫార్సులు

ఈ సంగతి రాసి పెట్టక తప్పడం లేదు. మా ఊళ్లో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదాని ప్రకారం నేను ఒక విదేశీ కంపెనీని దారికి తెచ్చాను. ఇంకోదాని ప్రకారం ఆ కంపెనీ నా మీద కేసు పెట్టింది. మూడోది మా బావమరిది చెప్పేది. అందులో అసలు పని చేసింది అతనే. మూడూ తప్పు. అక్కడ కంపెనీయే లేదు.

నేను పర్చూరు దగ్గర ఒక పురుగుమందుల కొట్లో గుమాస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది గానీ పుస్తకాలు ఆగలేదు. ప్రోగ్రామింగ్ మా శాఖా గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క పుస్తకంలో నేర్చుకున్నాను. దానికి పద్నాలుగో అధ్యాయం తర్వాత పేజీలు లేవు. ఆ పద్నాలుగు మాత్రం నన్ను ఎక్కడ అడిగినా చెబుతాను.

గట్టు వెంట ఫోను పట్టుకుని నడిస్తే పొలం విస్తీర్ణం చెప్పే ఉచిత యాప్ ఒకటుంది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదివి, మార్పు రాసి పంపవచ్చు. నచ్చితే, దాన్ని చూసుకునేవాళ్లు కలుపుకుంటారు. అందులో హెక్టార్లు, ఎకరాలు ఉన్నాయి, సెంట్లు లేవు. ముప్పావు ఎకరాన్ని 0.75 అని చూపిస్తే రైతులు ఫోను నా చేతిలో పెట్టి, "ఇదేందయ్యా, నా పొలం సున్నా అంటంది?" అనేవారు. ఎకరానికి వంద సెంట్లు. మేము మందు కొలిచి ఇచ్చేది ఆ లెక్కనే. ఒకరోజు కొట్టు ముందు అనేశాను: "మిరప నారు నాటేలోపు దీంట్లో సెంట్లు పెట్టిస్తా."

"నువ్వు చెబితే వాళ్లు వింటారంట్రా?" అన్నాడు ట్రాక్టర్ మెకానిక్, నా చిన్ననాటి స్నేహితుడు.

"వినకపోతే మళ్లీ లైబ్రరీ మెట్లెక్కను."

ఆ మాటకు పదకొండు మంది సాక్షులు.

మార్పు పదిహేను పంక్తులే. రాయడానికి మూడు వారాలు పట్టింది. పంపాను. పది రోజులు గడిచినా జవాబు లేదు. అర్జీ కదలకపోతే మా వైపు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. సిఫార్సు పట్టాను. నలభై మంది చేత ఖాతాలు తెరిపించి, నా మార్పు కింద తలా ఒక మాట రాయించాను. మాజీ సర్పంచి గారు, "ఈ అబ్బాయి మావాడే. తాగుడు లేదు. పని చేసిపెట్టగలరు" అని రాశారు. మెకానిక్ పూచీ ఇచ్చాడు. నాకు పిన్ని వరసయ్యే రైతు ఒకావిడ, చేలో పత్తికట్టె పీకుతూ దిగిన ఫొటో పెట్టింది. మా బావమరిది ఎవరూ అడక్కుండానే, "ఆలస్యమైతే మేమే వస్తాం" అని రాశాడు.

సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. ఇవన్నీ దొంగ ఖాతాల్లా ఉన్నాయని, చర్చ మూసేస్తున్నామని.

"మూసేశారంటే పనైపోయినట్టేగా?" అన్నాడు మెకానిక్ సంతోషంగా.

ఆ యాప్ చూసుకునే మనిషికి క్షమాపణ చెబుతూ ఈమెయిల్ రాశాను. వాళ్లంతా నిజం మనుషులేనని, మా దగ్గర పద్ధతి ఇదని చెప్పుకున్నాను. రెండు రోజులకు ఆయన రాశాడు: "నిజంగా రైతులైతే వాళ్ల పొలం ఎంతో వాళ్లకు తెలుసు కదా. మీ మార్పుతో కొలిచి రెండు అంకెలూ పంపండి. మీరు మంచివారో కాదో మాకు అక్కర్లేదు. కోడ్ మంచిదో కాదో కావాలి." ఈ విషయం బహుశా పదిహేనో అధ్యాయంలో ఉండి ఉంటుంది.

నలభై మందీ ఎండలో గట్లు పట్టారు. ముప్పై ఎనిమిది పొలాలు పాసుపుస్తకంతో సరిపోయాయి. పిన్నివి ఎనభై మూడు సెంట్లు. యాప్ డెబ్బై తొమ్మిది చూపించింది. మూడుసార్లు నడిచినా అంతే. దాన్ని ఆనుకుని ఉన్నది మా బావమరిది పొలం. అరవై ఉండాల్సింది అరవై నాలుగు చూపించింది.

అందరం అతని వైపు చూశాం.

"శాటిలైట్ సరిగా అందలేదు," అన్నాడు.

"నీకు బాగానే అందినట్టుందే! నాలుగు సెంట్లు ఎక్కువే అందింది," అంది పిన్ని.

ఇంటికొచ్చి నన్ను పట్టుకున్నాడు. "బావా, ఆ రెండూ పంపమాక. ముప్పై ఎనిమిది చాల్లే."

చాలేవే. ఆ రెండు లేకపోతే నా మార్పును వేలెత్తి చూపేవాళ్లు లేరు. అయినా నలభై అని చెప్పి ముప్పై ఎనిమిది పంపడానికి చేయి రాలేదు. నలభయ్యీ పంపి, "చివరి రెండింటి మీద ఊళ్లో విచారణ జరుగుతోంది" అని రాశాను. గ్రామ సర్వేయర్ గారు గొలుసు వేసి కొలిచారు. గట్టే జరిగింది. కోడ్ సరిగ్గానే ఉంది. అదే రాసి పంపాను.

నారు నాటడానికి ఇంకా వారం ఉందనగా జవాబు వచ్చింది: "బాగుంది. కలుపుతున్నాను."

"అంతేనా? శాలువా ఏం లేదా?" అన్నారు మాజీ సర్పంచి గారు.

పేర్లు రాస్తే వరస తప్పిందని తగాదా వస్తుంది. కాబట్టి పేర్లు లేకుండానే కృతజ్ఞతలు చెబుతాను. పద్నాలుగు అధ్యాయాలైనా భద్రంగా ఉంచిన గ్రంథాలయాధికారి గారికి. పూచీ ఇచ్చిన మెకానిక్‌కు. ఎండలో గొలుసు లాగిన సర్వేయర్ గారికి. మూడుసార్లు నడిచిన పిన్నికి. తన తమ్ముడి గురించి వారం పాటు నాతో ఒక్క మాటా అనకుండా వేళకు అన్నం పెట్టిన మా ఆవిడకు. మా బావమరిదికి కూడా. అతను గట్టును తన చేత్తోనే వెనక్కి జరిపి, ఫోను పట్టుకుని మళ్లీ చుట్టూ నడిచి, అరవై సెంట్లని ఉన్న తెర నా ముందు పెట్టి, "ఇది కూడా పంపు" అన్నాడు.