జెసింతా పెట్టిన నీళ్ల వరస

బూదికోటకూ కామసముద్రానికీ నడుమ ఉన్న ఒక పంచాయితీకి ఆ ఏడు ఫిబ్రవరిలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కులం వల్లా ఆడపుట్టుక వల్లా వెనకబడినవారికి సమాన అవకాశాలు కల్పించి, ఏమి కల్పించారో మార్చి నెలాఖరులోగా ఫారంలో నింపి పంపాలని దాని సారాంశం. సభ్యులు పదకొండుమందీ శ్రద్ధగా విన్నారు. సమానత్వం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. అభ్యంతరమల్లా మార్చి మీదే.

అదృష్టం కొద్దీ ఆ వారమే ఊరి వాటర్‌మ్యాన్ ఆంజనప్ప మోకాళ్ల నొప్పులతో పని మానుకున్నాడు. పంచాయితీ అధికారి యోగేశ్ లెక్కలు తెలిసిన కుర్రాడు. ఆ ఖాళీలో ఒక ఆడమనిషిని, అదీ దళితుల కాలనీ నుంచి, వేసుకుంటే ఒక్క నియామకంతో ఫారంలో రెండు గళ్లు నిండుతాయని చూపించాడు. సభ హర్షం వెలిబుచ్చింది.

కాలనీలో పదో తరగతి పాసై, ట్యాంకు నిచ్చెన ఎక్కడానికి వెరవని ఆడమనిషి జెసింతా ఒక్కతే. అప్పటికి ఆమెకు నలభై రెండేళ్లు. పుట్టింది కేజీఎఫ్‌లో, బంగారు గని కార్మికుల లైను ఇళ్లలో. తండ్రి అమోసు గనిలో ఊరే నీటిని పైకి తోడే పంపుల దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడు. భర్త ఫ్రాంక్లిన్ రోజూ చీకటితోనే రైలెక్కి బెంగళూరులో పనికి పోయి చీకటి పడ్డాక వస్తాడు కనుక, భార్య వ్యవహారాల్లో సలహాలిచ్చే వీలు అతనికి లేదు. వారి సంసారం చక్కగా సాగడానికి ఇది కూడా ఒక కారణమని చుట్టుపక్కలవాళ్లు అంటారు.

ఫారం దగ్గర ఒక చిక్కు వచ్చింది. జెసింతా క్రైస్తవురాలు కనుక కాగితం ప్రకారం ఆమె షెడ్యూల్డు కులం కాదు. వీధి ప్రకారం మాత్రం ఊళ్లో ఎవరికీ సందేహం లేదు. యోగేశ్ ఒక పూటంతా ఆలోచించి మొదటి గడిలో ‘స్త్రీ’ అనీ, రెండో గడిలో ‘కాలనీ నివాసి’ అనీ రాసి పంపాడు. పైవాళ్లు ఏమీ అనలేదు. ఆరు నెలలు పని చూసి, బాగుంటే ఉద్యోగం ఖాయం చేస్తామని సభ తీర్మానించింది.

ఇక నీళ్ల సంగతి. ఊళ్లో వీధులు ఐదు. పెద్దకులాలవాళ్లూ అంగళ్లవాళ్లూ ఉండేది పై వీధి. ఊరి చివర కాలనీ. వాటి మధ్య మూడు వీధులు. ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టే రోజుల్లో పై వీధిలో ఎవరూ జానెడు జాగా వదలనందువల్ల, అది కాలనీలో వెలిసింది. అలా కాలనీ నెత్తిన నిలబడ్డ ట్యాంకులోంచి నీళ్లు కాలనీని దాటుకుని ముందు పై వీధికి పోయేవి. ఆ తర్వాత మధ్య వీధులన్నీ చూసుకుని, ఇంకా మిగిలి ఉంటే, చివరికి కాలనీకి తిరిగి వచ్చేవి. ఎందుకలాగని అడిగితే ఇంజనీరు ప్రెషర్ అనేవాడు. పెద్దలు మామూలు అనేవారు. నీళ్లు మాత్రం ఎవరు తిప్పితే అటు పోయేవి.

ఆంజనప్ప చెడ్డవాడు కాదు. గడియారం లేనివాడు, అంతే. ఇరవై ఎనిమిదేళ్లు ఆయనకు మెలకువ వచ్చినప్పుడు ఊరికి నీళ్లు వచ్చాయి. కొళాయి ఎప్పుడు గురగురమంటుందో తెలియక ఆడవాళ్లు నాలుగింటినుంచే చెవి అటువేసి కూర్చునేవారు. ఇందులో పై వీధి ఆడవాళ్లకూ మినహాయింపు లేదు. వాళ్లకు నీళ్లు ముందు వచ్చేవి గాని, ఆ ముందు ఎప్పుడో వాళ్లకూ తెలియదు. కాలనీనుంచి నరసాపురం ఫ్యాక్టరీకి పోయే అమ్మాయిలు నీళ్లకోసం ఆగితే కంపెనీ బస్సు తప్పేది, బస్సెక్కితే ఇంట్లో నీళ్లు తప్పేవి.

వాల్వులు తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీ జెసింతా చేతికిచ్చి, ఆంజనప్ప వారం రోజులు వెంట తిరిగి పని నేర్పాడు. ఏ వాల్వుకు ఎన్ని చుట్లు, ఏది మొరాయిస్తుంది, ఏ ఇంటి ముందు కాసేపు ఆగితే కాఫీ వస్తుంది, అన్నీ చెప్పాడు. కాఫీ సంగతి తప్ప ఆమె అన్నీ నోటుబుక్కులో రాసుకుంది.

రెండో నెలలో ఆమె ట్యాంకు స్తంభం మీద నీలం రంగుతో ఒక పట్టిక రాసింది. పొద్దున ఐదింటికి మొదలు, వీధికి అరగంట. నిన్న మొదటిదైన వీధి ఇవాళ చివరిది, మిగతావి తలా ఒక మెట్టు ముందుకు. అలా ప్రతి వీధీ ఐదు రోజులకోసారి మొదటిదవుతుంది, ఐదు రోజులకోసారి చివరిదవుతుంది. ఇంతే దాని రాజ్యాంగం. పంచాయితీ అనుమతి అడగలేదు. అడిగితే ఉపసమితి వేస్తారని ఆమెకు తెలుసు. యోగేశ్‌కు మాత్రం చూపించింది. అతను స్తంభాన్ని కిందనుంచి పైదాకా చదివి, తాను చూడలేదని చెప్పాడు.

మొదటి వారం ఎవరూ నమ్మలేదు. మూడో వారానికి ఆడవాళ్లు నిద్రపోవడం మొదలుపెట్టారు. పై వీధిలో ధాన్యం అంగడి వెంకటేశయ్య భార్య దాక్షాయణి, పెళ్లయిన ఇరవై ఆరేళ్లకు, తెల్లవారి ఆరుదాకా పడుకుంది. వెంకటేశయ్య పంచాయితీ సభ్యుడు కూడా. ఊరి బాగోగులు చూసే మనిషి కనుక ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తున్నారో ఆయన గమనించలేదు. ఆయన గమనించిందల్లా ఒకటే, పై వీధి పరువు వంతులవారీగా తగ్గుతున్నదని.

ఆరు నెలలూ నిండవచ్చాయి. సోమవారం సభలో జెసింతా ఉద్యోగం తేలాలి. అంతకుముందు శుక్రవారం వెంకటేశయ్య కొత్తగా కట్టిన మేడకు గృహప్రవేశం. ఆ రోజు కాలనీ మొదటిది, పై వీధి చివరిది. తెల్లారి ఐదుకు కొద్దిగా ముందు, పట్టుపంచెతోనే ఆయన ట్యాంకు దగ్గరికి నడిచి వచ్చాడు. కాలనీ ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు.

“జెసింతమ్మా, ఈ పొద్దు ముందు మా వీధికి తిప్పు. మూడు నూర్ల మంది వస్తా ఉండారు.”

“ఈ పొద్దు మీది కడ, అప్పా. ఏడింటికి వస్తాది.”

“ఆరున్నరకు ముహూర్తం. ఒగ దినం అటూ ఇటూ చేస్తే ఏం మునిగిపోతాది?”

“ఇంట్లో అమ్మను ఒగ మాట అడిగి రాండప్పా.”

“నా ఇంటి పనికి నేను ఇంట్లో అడగల్లా?”

ఆ మాటకు వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో గొంతు సవరించుకున్నారు. వెంకటేశయ్యకు అది నవ్వులా వినిపించింది. ఆయన గొంతు పెంచలేదు. సోమవారం సభ ఉందనీ, పదకొండు చేతుల్లో ఒకటి తనదనీ, ఆరు నెలల కింద ఆమె పేరుకు ఎత్తిన చేతుల్లో అదీ ఉందనీ నిదానంగా గుర్తుచేశాడు. ఆమెకు గుర్తుచేయనక్కరలేదు. ఆ ఉద్యోగం కోసం ఆమె రాబర్ట్‌సన్‌పేటలో ఒక నర్సింగు హోములో పదేళ్లుగా చేస్తున్న ఆయా పని వదులుకుని వచ్చింది.

“ఈ పొద్దు మీకు తిప్పితే మీరు నన్ను మంచిదంటారప్పా,” అంది జెసింతా. “రేపట్నుంచి ఈ స్తంభం మీద రాసింది ఎవరూ నమ్మరు. ఇంగ మళ్లా అందరూ నాలుగింటికే లేసి కూర్చోవల్ల.”

ఆమె వంగి కాలనీ వాల్వు తిప్పింది. అది పద్నాలుగు చుట్ల వాల్వు. ఆ రోజు మాత్రం ఆమెకు తొమ్మిది దగ్గర లెక్క తప్పి, నీళ్ల చప్పుడు వినిపించేదాకా తిప్పుతూనే ఉండిపోయింది.

వెంకటేశయ్య ఇంటికి పోయి, శుభకార్యం చెడిందనీ, ఇంట్లో చుక్క నీళ్లు లేవనీ ప్రకటించాడు. దాక్షాయణి తోరణాలు కట్టించడం ఆపకుండానే పెరటివైపు చూపించింది. అక్కడ మూతలు పెట్టిన తొమ్మిది డ్రమ్ములు, అంచులదాకా నిండి, వరసగా నిలబడి ఉన్నాయి.

“నిన్న మొదులు మనదే కదా,” అంది. “శుక్రవారం కడ వస్తాది, పట్టుకోమ్మా అని జెసింతా బుధవారమే చెప్పి పోయింది. ఇన్నేండ్లలో నీళ్లు యాడ ఉండాయని మీరు ఎప్పుడన్నా అడిగినారా?”

గృహప్రవేశం దివ్యంగా జరిగింది. వచ్చినవాళ్లంతా కాళ్లు కడుక్కున్నారు. యుద్ధం ప్రకటించి వచ్చాక తన పెరట్లోనే శత్రువు పంపిన సామగ్రి దొరికిన సేనాపతిలా, ఇంటాయన మాత్రం మూడు నూర్ల మందికీ దిగులుగా దండం పెట్టాడు.

సోమవారం సభలో జెసింతాను ఖాయం చేయాలని ఐదుగురు, వద్దని ఐదుగురు తేలారు. ఆ పంచాయితీలో సమానత్వం అంత కచ్చితంగా మునుపెన్నడూ అమలు కాలేదు. మిగిలింది వెంకటేశయ్య. పై వీధి తరఫున శనివారమే ఇచ్చిన ఫిర్యాదును యోగేశ్ చదివాడు. సదరు ఉద్యోగిని ఎవరు చెప్పినా వినదనీ, ఎవరింటి ముందూ ఆగదనీ, పెద్దమనుషులు స్వయంగా వచ్చి అడిగినా గడియారం చూస్తుందనీ అందులో ఉంది. చదివేకొద్దీ అది సిఫారసు ఉత్తరంలా వినిపించసాగింది. ఎప్పుడూ ఖాళీగా ఉండే వెనక బెంచీ మీద ఆ రోజు దాక్షాయణీ, పై వీధి ఆడవాళ్లు ఇంకో నలుగురూ వచ్చి కూర్చున్నారు.

వెంకటేశయ్య లేచి క్రమశిక్షణ గురించీ పూర్వాచారాల గురించీ పది నిమిషాలు మాట్లాడాడు. అధ్యక్షురాలు అక్కయమ్మ ఓపిగ్గా విని, ఇంతకీ ఉంచుకోవాలా వద్దా అని అడిగింది.

ఆయన వెనక బెంచీ వైపు ఒకసారి చూశాడు.

“ఆయమ్మ మాట వినదు. అదే నా కంప్లైంటు,” అన్నాడు. “మాట వినేవాళ్లను పెట్టుకొని ఇరవై ఎనిమిదేండ్లు చూసినాము కదా. ఉండనీండి,” అని కూర్చున్నాడు. తనకు మనసులో బాధ ఉందని కూడా రాసుకోమన్నాడు. యోగేశ్ రాసుకున్నాడు.

ఆ సమయానికి జెసింతా మూడో వీధి మలుపులో వాల్వు గుంత లోపల నిలబడి బురద తోడుతోంది. యోగేశ్ పోయి సంగతి చెప్పాడు. ఆమె పైకెక్కి గుంత అంచున కూర్చుని, చేతులు చీరకొంగుకు చాలాసేపు తుడుచుకుంది. అవి శుభ్రమయ్యాక కూడా తుడుచుకుంటూనే ఉంది.

“ఆర్డరు మీద సీలు ఈ పొద్దే వేసేయండప్పా,” అంది చివరికి. “మళ్లా సోమవారం వస్తాది, మళ్లా సభ కూడతాది.”

రేపు తీరిగ్గా వేద్దామనుకున్న యోగేశ్ గడియారం చూసుకున్నాడు. అటెండరు సీలున్న బీరువాకు తాళం వేసి భోజనానికి పోయేలోపల చేరుకోవాలని, వచ్చిన దారినే గబగబా నడిచాడు.