నలభై సెకన్ల మాస్టారు

మా వదిన చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్ళకి నాన్న "కోడలు కంప్యూటర్లో ఏదో రాస్తుంది" అని చెబుతారు. అమ్మ "సేవా సంస్థల్లో" అని ఊరుకుంటుంది. వినేవాళ్ళు వదిన నర్సు అనుకుని మోకాళ్ళ నొప్పులకి మందులడుగుతారు. అన్నయ్య ఒకసారి విసుగెత్తి, "మంచి పనులు చేసేవాళ్ళకి ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవడం రాదు. వాళ్ళ తరఫున ఈవిడ చెబుతుంది" అన్నాడు. అంతకన్నా సరైన వివరణ నేనింతవరకు వినలేదు.

నాటక బృందాలకి పోస్టర్లు, అనాథాశ్రమాలకి నివేదికలు, చిత్రకారుల సంఘాలకి ఆహ్వానపత్రాలు, సహాయం అడగడానికి చిన్న చిన్న సినిమాలు. ఆఫీసంటూ లేదు. ముందుగదిలో కిటికీ పక్కనున్న ఇస్త్రీ బల్లే ఆవిడ ఆఫీసు. ఎవరికైనా చొక్కా ఇస్త్రీ కావాల్సొస్తే ఆఫీసు మంచం మీదకి మారుతుంది.

ఈ లోకంలో కష్టం కూడా వరసలో నిలబడి తన సంగతి మూడు నిమిషాల్లో చెప్పుకోవాలి. నాలుగో నిమిషంలోకి వెళ్తే డబ్బిచ్చే పెద్దవాళ్ళు ఫోన్లు చూసుకుంటారు. ఆ మూడు నిమిషాలని తీర్చిదిద్దడమే వదిన విద్య. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి. అక్కడ ఏడుపులు తీసేసి నవ్వులు ఉంచుతాను. వదిన దగ్గర కొంచెం అటూ ఇటూ, పని ఒకటే.

పాటల క్లాసు సినిమా కూడా అలాగే మొదలైంది.

పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళని కూర్చోబెట్టి పాడించే క్లాసు అది. మాట రానివాళ్ళలో కొందరికి పాట వస్తుంది. ఎందుకో డాక్టర్లు చెబుతారు, నేను చెప్పలేను. టీచరమ్మ ఒక్కతే, అద్దె హాలు ఒకటి, పధ్నాలుగు కుర్చీలు. ఏటేటా ఒక ట్రస్టు సహాయం చేస్తోంది. ఈ ఏడాది ఆ ట్రస్టు కమిటీ మారింది. సినిమా చూశాకే కొనసాగించాలో వద్దో తేలుస్తామన్నారు. వద్దంటే ఆ నెలాఖరుకే హాలు ఖాళీ చెయ్యాలి.

సినిమాకి వదిన ఎంచుకున్నది డ్రైవింగ్ మాస్టారిని. ముప్ఫై ఏళ్ళు జనానికి కారు నేర్పిన మనిషి. ఆయన "బ్రేక్!" అని అరిస్తే పక్క రోడ్డులో బండ్లు కూడా ఆగేవని ఆయన భార్య చెప్పింది. ఇప్పుడాయన ఒక వాక్యం చెప్పాలంటే మెడ నరాలు పొంగుతాయి, చెయ్యి గాల్లో ఏదో వెతుకుతుంది. "నేను ఇక్కడికి వచ్చాక పాడుతున్నాను, మనవరాలి పేరు పిలుస్తున్నాను." కెమెరా ముందు ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఆయనకి నాలుగు నిమిషాల పది సెకన్లు పట్టింది.

"కొయ్యి," అంది వదిన ఇస్త్రీ బల్ల దగ్గర.

"ఎక్కడ?"

"ఆగిన ప్రతిచోటా. మాట మీద మాట కలుపు. మధ్యలో టీచరమ్మ చేతుల షాట్లు వెయ్యి, అతుకు తెలియకుండా."

అతుకు తెలియకుండా చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు. నాలుగు నిమిషాలు కాస్తా నలభై సెకన్లయింది. మాస్టారు కాస్త నెమ్మదస్తుడిలా, ఆలోచించి మాట్లాడే పెద్దమనిషిలా కనిపించారు. టీచరమ్మ చూసి చప్పట్లు కొట్టింది. మాస్టారికి చూపించే తీరిక ఎవరికీ లేకపోయింది.

కమిటీ పదకొండింటికి క్లాసు హాల్లోనే కూర్చుంది. పొడవాటి బల్లకి అటువైపు ఐదుగురు. ఇటువైపు టీచరమ్మ, వదిన, మాస్టారు, ఆయన భార్య. గోడ దగ్గర ప్రొజెక్టరుతో నేను. సినిమా అయిపోగానే ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అద్భుతం! ఇంత చక్కగా కోలుకున్నారంటే క్లాసు పని పూర్తయినట్టే కదమ్మా?"

టీచరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "పూర్తవడమంటే... సార్..."

"మాట వచ్చేసిందిగా. ఇంకా ఏమీ అందని చోట్లు చాలా ఉన్నాయి. ఈ ఏటి సహాయం అటు మళ్ళిద్దాం. ఏమంటారు?"

పక్కవాళ్ళు తలలూపారు. ఒకాయన అప్పుడే ఫైలు మూస్తున్నాడు. టీచరమ్మ బల్ల కింద వదిన మోచెయ్యి పట్టుకోవడం నాకు కనిపించింది.

వదిన లేచింది. "సార్, మీరు చూసింది ఉన్నదున్నట్టు కాదు. నేను కోయించాను. ఆయన ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాలుగు నిమిషాలు పైనే పట్టింది."

ఛైర్మన్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే మాకు అబద్ధం చూపించారా?"

"ఒక్క మాట కూడా నేను కలపలేదు. మధ్యలో ఉన్నది తీసేశాను."

"ఎందుకు తీశారు?"

"మూడు నిమిషాలు దాటితే మీరు చూడరు సార్."

ఫైలు మూస్తున్నాయన చెయ్యి ఆగిపోయింది. ఈ ఊళ్ళో వదినకి పని ఇచ్చే సంస్థలన్నీ ఈ ఐదుగురి మాట మీదే నడుస్తాయి. కూర్చో వదినా అని లోలోపల గింజుకున్నాను.

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "మాస్టారూ, మిమ్మల్ని అడగకుండా మీ మాట కోశాను. నాదే తప్పు. ఇప్పుడు వీళ్ళకి మీరు చెబుతారా? ఇష్టం లేకపోతే వద్దు."

ఆయన ఆమెని చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం ఉంది. తర్వాత తలూపారు.

ఛైర్మన్ ఇబ్బందిగా కదిలాడు. "సరే. ఈ క్లాసు వల్ల మీకు ఏం మేలు జరిగింది?"

మాస్టారు నోరు తెరిచారు. "ఇ..." అన్నారు. చెయ్యి బల్ల మీద నుంచి లేచింది. "ఇక్... ఇ..."

"ఇంట్లో బాగుంది, అంతేనా?" ఛైర్మన్ అందించాడు.

మాస్టారు అడ్డంగా తలూపారు.

"ఇష్టంగా ఉందనా?" అన్నాడు ఫైలాయన.

మాస్టారి అరచెయ్యి బల్ల మీద దభీమని పడింది. నీళ్ళగ్లాసు ఒరిగింది. భార్య నోరు తెరవబోతుంటే వదిన ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. నీళ్ళు కాగితాల మీదకి పాకుతున్నాయి, ఎవరూ తుడవలేదు. ఎంతసేపయిందో నేను చూడలేదు. నా మెడలో నరం కూడా లాగుతోందని మాత్రం తెలుసు.

"ఇక్కడ," అన్నారు మాస్టారు. మళ్ళీ ఆగారు. ఛైర్మన్ పెదవి కదిలి, మూసుకుంది.

"ఇక్కడ... ఆ... ఆగుతారు."

కాసేపటికి మమ్మల్ని బయట కూర్చోమన్నారు.

వరండాలో టీచరమ్మ వదిన మీద విరుచుకుపడింది. "ముందే నాకు చెప్పొద్దా? అక్కడ అందరి ముందూ అంటారా? వాళ్ళు తలుపేసేస్తే ఈ పధ్నాలుగు మందినీ ఎక్కడ కూర్చోబెట్టను, మీ ఇస్త్రీ బల్ల మీదా?"

"కోసింది చూసి చప్పట్లు కొట్టింది మీరే కదండీ," అన్నాను నేను.

"నువ్వు నోరు ముయ్యి," అంది వదిన. గోడవైపు తిరిగి నిలబడింది. చేతి గాజుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉంది.

అరగంట తర్వాత ఛైర్మనే తలుపు దగ్గరికి వచ్చాడు. క్లాసుకి మరో ఏడాది. మూడు నెలలకోసారి కమిటీవాళ్ళే వచ్చి కూర్చుని చూస్తారు. "సినిమాలు మాకొద్దమ్మా," అన్నాడు వదినతో, మర్యాదగానే. "మిగతా సంస్థలకి కూడా చెప్పాల్సిన బాధ్యత మాకుంది. ఏమీ అనుకోకండి."

"అనుకోనండి," అంది వదిన.

టీచరమ్మ ఏడుస్తూ వదినని కావలించుకుంది. ఇందాకటి మాటలకి క్షమించమంది. వదిన ఆమె వీపు నిమిరింది కానీ మొహంలో ఏమీ లేదు. నిజం చెప్పినందుకు ఉన్న పని పోయింది, అబద్ధం చెప్పి ఉంటే క్లాసు పోయేది. ఇందులో న్యాయం ఎక్కడుందో పుస్తకాలు చదివి తెలుసుకోవచ్చని ఒకప్పుడు నేను నమ్మేవాణ్ణి.

మెట్ల దగ్గర మాస్టారి భార్య వదిన పక్కకి వచ్చింది. గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఆ సినిమా వాళ్ళకెలాగూ వద్దన్నారు కదా. నాకిస్తావా?"

"అది నిజం కాదు పిన్నిగారూ. మీరే విన్నారుగా."

"తెలుసమ్మా. కానీ అందులో ఆయన గడగడా మాట్లాడుతున్నారు." ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "రెండేళ్ళయింది ఆ మాట విని."

ఇందాక ఐదుగురి ముందు గట్టిగా ఉన్న మనిషి ఇక్కడ తడబడింది. చివరికి, "మొహం ఆయనది. ఆయన్నడగండి," అంది.

ఆవిడ అడిగింది. మాస్టారు రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. మేం నిలబడ్డాం. కింద నుంచి ఎవరో పైకి వస్తూ మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుని వెళ్ళారు.

"నా... ముందు," అన్నారు మాస్టారు. "నా ముందు... వద్దు."

వదిన నా చేతిలోంచి ల్యాప్‌టాప్ తీసుకుని మెట్టు మీదే కూర్చుంది. మాస్టారి భార్య ఫోన్‌కి ఫైలు పంపడం మొదలుపెట్టింది. అది పూర్తయ్యేదాకా ఉండకుండా మాస్టారు ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టారు.